తెలుపు వేరు, పాండువు వేరు

"తెల్లబడ్డావమ్మా! ఈ ఊరి నీళ్ళు నీకు బాగా పడినట్లున్నాయి."

ఈ మాట అన్నది మరెవరో కాదు, నేనే. ఎర్రగుంట్లలో కాపురముంటున్న మా మేనకోడలికి రెండవ కాన్పు అయిన ఆరు నెలలకు చూడబోయి, గడపలో అడుగు పెడుతూనే అన్నాను. ఆ పిల్ల నవ్వి ఊరుకున్నది. భోజనాలైన తరువాత మేడమీదికి మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇస్తూ గోడ పట్టుకొని నిలబడిపోయింది. ఏమమ్మా అంటే, "ఏమో మామా, నాలుగు మెట్లెక్కితే చాలు, గుండె దడదడ కొట్టుకుంటాంది" అన్నది.

క్రిందికి దిగిన తరువాత వాళ్ళ అత్తగారు తన అనుమానం చెప్పింది. "కామెర్లేమో అనిపిస్తాంది అన్నా. ముఖమంతా పచ్చగా అయిపోయింది. పక్క ఊర్లో పసరు పోసేవాళ్ళు ఉండారంట, ఆదివారం పిల్చకపోదామనుకుంటున్నా."

ఒకే ముఖం. దానిలో నాకు తెలుపు కనిపించింది, ఆమెకు పసుపు కనిపించింది. ఇద్దరమూ పొరబడ్డాము. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి, ఆయుర్వేద గ్రంథాలను అభిరుచి కొద్దీ ఏళ్ళ తరబడి చదివినవాణ్ణి నేను. ఆ ముఖవర్ణానికి సరియైన మాట నా నాలుక మీదనే ఉండవలసింది. ఆ మాట 'పాండువు'. దాని అర్థాన్ని మనం పోగొట్టుకున్నాము. అర్థంతో పాటు ఆ వ్యాధిని పోల్చుకొనే చూపును కూడా పోగొట్టుకున్నామన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సంగతి.

అమరసింహుడు విడదీసిన రంగులు

సంస్కృత నిఘంటువులలో ప్రసిద్ధమైన అమరకోశం తెలుపు రంగుకు శుక్లం, శుభ్రం, శ్వేతం, సితం, ధవళం మొదలుగా పదమూడు పేర్లు చెప్పింది. ఆ పట్టికలో 'పాండర' ఉన్నది గాని 'పాండు' లేదు. తెలుపును ముగించిన పిదప హరిణ, పాండుర, పాండు అన్న మూడు మాటలను వేరొక వర్ణానికి పేర్లుగా చెప్పాడు అమరసింహుడు. ఒక్క అక్షరం తేడాతో పాండరం తెలుపులో చేరింది, పాండురం దాని ప్రక్క గదిలో చేరింది. అంటే పాండువు అచ్చమైన తెలుపు కాదు. తెలుపులో కొంత పసుపు కలిసి, మెరుపు తగ్గిన వర్ణం. మొగలిపువ్వు పుప్పొడి వంటి రంగు అని ప్రాచీనులు ఉపమానం చెప్పారు.

ఆ తరువాతి మాట మరింత ఆసక్తికరమైనది. కొంచెముగా పాండువైన దానిని 'ధూసరం' అంటారని అమరం చెబుతుంది. ధూసరమంటే దుమ్ము రంగు. సున్నపురాతికీ, నాపరాళ్ళకూ, సిమెంటు పరిశ్రమకూ పేరు పొందిన ఎర్రగుంట్ల ప్రాంతంలో తిరిగినవారికి ఈ రంగును వర్ణించి చెప్పనక్కరలేదు. ఊరి పేరులో ఎరుపు ఉన్నది. ఎండకాలం మధ్యాహ్నం బండలు మోసే లారీ వెళ్ళిన తరువాత రోడ్డుప్రక్క వేపాకు మీద నిలిచే రంగు మాత్రం ధూసరమే. ఆకు పచ్చగానే ఉన్నది, పైన మాత్రం కళ తప్పింది. మనిషి ముఖం మీద అటువంటి కళతప్పిన వర్ణం నిలిచినప్పుడు, అది తుడిస్తే పోయే దుమ్ము కాదు. లోపలి నుండి వచ్చినది.

మన తెలుగులో దీనికి మాటలు తక్కువ కాదు. వెలవెలబోవడం, వెలరడం, పాలిపోవడం, తెల్లబోవడం, వన్నె తగ్గడం అన్నవన్నీ ఉన్నాయి. వెల్ల, వెన్నెల, వెలవెల అన్న మాటలు ఒకే వేరు నుండి పుట్టినవి. ఆ వేరుకు అర్థం తెలుపు. అయితే వెన్నెల అన్నప్పుడు ఉన్న ఆనందం వెలవెలబోయింది అన్నప్పుడు లేదు. 'బోవు' అన్న చిన్న క్రియ చేరగానే ఏదో పోయిందన్న భావం వచ్చి కూర్చున్నది. "కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు" అన్న పలుకుబడిలో ఆ పోయినదేమిటో కూడా చెప్పేశారు మన పెద్దలు.

పాండువుకు తెలుగు 'పండు'తో చుట్టరికం కలుపవచ్చునా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. ధ్వనిసామ్యం ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు గనుక నేనా వాదానికి పోను. కాని పాండువర్ణం ఎట్లా ఉంటుందో పిల్లలకు చెప్పవలసివస్తే 'పండుటాకు'ను మించిన పాఠం లేదు. రసం తగ్గి, పచ్చదనం వెనుకకు పోయి, లేతపసుపు మిగిలిన ఆకు. దానిని చూసి ఎవరూ "ఆకు ఎంత తెల్లబడింది!" అని మెచ్చుకోరు గదా!

భయంతో పుట్టిన పేరు

ఈ మాటను మహాభారతం ప్రతి ఇంటికీ చేర్చింది. వ్యాసుని రూపం చూసి అంబిక కన్నులు మూసుకొన్నది, పుట్టినవాడు ధృతరాష్ట్రుడు. అంబాలిక భయంతో పాలిపోయింది, పుట్టినవాడు పాండురాజు. తల్లి ముఖంలోని రక్తం వెనుకకు పోయిన క్షణం బిడ్డ పేరుగా నిలిచిపోయిందన్నమాట. కథగా చదివి విడిచిపెడతాము గాని, తల్లి పాలిపోతే దాని ఫలం బిడ్డ మీద పడుతుందన్న భావం ఆ కథలో ఉన్నది. గర్భిణికి రక్తం మిక్కిలి తక్కువైతే నెలలు నిండకముందే కాన్పు రావచ్చుననీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చుననీ నేటి వైద్యులు చెప్పే మాట దీనికి ఎంతో దూరం లేదు.

కాళిదాసు రఘువంశం మూడవ సర్గలో గర్భవతియైన సుదక్షిణను వర్ణిస్తూ ఆమె ముఖాన్ని లొద్దుగపువ్వు పాలిపుతో పోల్చాడు. ఆ వెనువెంటనే మట్టి మీద ఆమెకు కలిగిన కోరికను చెప్పాడు. ఆమె ముఖం మట్టివాసన వేయడం రాజుకు ఎంతో ఇష్టమైనదట. కవికి ఇవి రెండూ సౌందర్యాలు. ఆయుర్వేద వైద్యునికి ఇవి రెండూ ఒకే వ్యాధి యొక్క రెండు గుర్తులు. చరకసంహిత చికిత్సాస్థానం పదహారవ అధ్యాయం పాండురోగానికి సంబంధించినది. అందులో వాత, పిత్త, కఫ, సన్నిపాత పాండువులకు తోడుగా అయిదవదిగా మట్టి తినడం వలన కలిగే పాండువును చరకుడు చెప్పాడు. తిన్న మట్టి జీర్ణం కాక స్రోతస్సులను అడ్డగిస్తుందనీ, బలాన్ని, వర్ణాన్ని, జఠరాగ్నిని హరిస్తుందనీ వివరించాడు. కనుబొమలు, చెక్కిళ్ళు, పాదాలు ఉబ్బడాన్ని, కడుపులో క్రిములు చేరడాన్ని కూడా లక్షణాలుగా పేర్కొన్నాడు.

మా మేనకోడలి దిండు క్రింద ఆ రోజు దొరికినవి ఏమిటో తెలుసునా? బడిపిల్లలు వ్రాసుకొనే బలపాలు! సగం కొరికినవి, నాలుగు. "ఎందుకో తెలియదు మామా, తినాలనిపిస్తాంది" అని తల వంచుకొన్నది. మట్టి, బలపాలు, సుద్ద, పచ్చిబియ్యం నమలాలనిపించడం చెడ్డ అలవాటు అని మన ఇళ్ళలో కసురుకొంటారు. అది చాలాసార్లు శరీరంలో ఇనుము తగ్గిందని తెలిపే గుర్తు. పైగా తిన్న మట్టి ఆహారంలోని ఇనుమును శరీరానికి పట్టనీయకుండా చేస్తుంది. కసురుకొంటే దాచుకొని తింటారు గాని మానరు. అలవాటును తిట్టడం మాని దాని వెనుకనున్న కొరతను వెదకాలి.

కామెర్లతో కలగాపులగం

పాండురోగమంటే పచ్చకామెర్లే అనుకొనేవారు మనలో ఎక్కువ. ఈ పొరపాటుకు ఒక కారణం గ్రంథాలలోనే ఉన్నది. కామిలను కూడా చరకుడు అదే అధ్యాయంలో చెప్పాడు. పాండురోగి పిత్తాన్ని పెంచే పదార్థాలను అతిగా సేవిస్తే కామిల కలుగుతుందన్నాడు. సుశ్రుతుడు కూడా ఉత్తరతంత్రంలో రెండింటినీ ఒకేచోట చర్చించాడు. ప్రక్కప్రక్కనే కూర్చున్నవారిని ఒకరినొకరిగా పొరబడడం సహజమే. కాని గ్రంథకర్తలు పొరబడలేదు. కామిలలో కన్నులు, చర్మం, గోళ్ళు పసుపుకొమ్ము రంగుకు తిరుగుతాయనీ, మలమూత్రాల రంగు మారుతుందనీ వారు విడిగానే చెప్పారు. పాండురోగి 'అల్పరక్తుడు' అవుతాడనీ, సారం లేనివాడవుతాడనీ చెప్పారు. నేడు మనం వాడుతున్న 'రక్తహీనత' అన్న మాటకు పునాది ఇక్కడే ఉన్నది.

ఇంటిలో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పగటి వెలుతురులో క్రింది కనురెప్పను మెల్లగా క్రిందికి లాగి చూడండి. లోపలి పొర దానిమ్మగింజ వలె ఎర్రగా ఉండాలి. అది వెలిసిపోయి ఉంటే పాండువును అనుమానించాలి. కనుగ్రుడ్డులోని తెల్లభాగం పసుపుగా మారి, మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే కామెర్లను అనుమానించాలి. నాలుక, గోళ్ళు, అరచేతి గీతలు కూడా చూడండి. చెక్కిళ్ళను చూసి మాత్రం నిర్ణయానికి రాకండి. మన సీమ ఎండలలో చామనఛాయ తేలిన ముఖాల మీద పాలిపు సులభంగా కనబడదు. కొంచెం రంగు ఉన్న పిల్ల ముఖంలో కనబడినా మనం దానిని 'తెల్లబడింది' అని పొగుడుతాము. నల్లపిల్లలో పాండువు కనబడదు, ఎర్రపిల్లలో అందంగా కనబడుతుంది. తెలుపు మీది మోజు ఇద్దరికీ ద్రోహం చేస్తున్నది.

ఈ వ్యాధికి రంగును బట్టి పేరు పెట్టడం మన దేశానికే పరిమితం కాదు. ఐరోపాలో యువతులకు వచ్చే ఇటువంటి పాలిపును గ్రీకుభాషలో లేత ఆకుపచ్చను తెలిపే మాట నుండి 'క్లోరోసిస్' అన్నారు. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ దానికి ఇనుముతో చికిత్స చేశాడు. రక్తం లేమి అన్న అర్థం గల 'ఎనీమియా' అన్న మాట తరువాత స్థిరపడింది. చరకుడు అంతకు ఎంతో ముందే త్రికటువులు, త్రిఫలాలు, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం అన్న తొమ్మిది ద్రవ్యాలకు తొమ్మిది భాగాల లోహచూర్ణం కలిపి తేనె, నేతులతో ఇచ్చే 'నవాయసం' చెప్పాడు. వేర్వేరు భాషలు రంగును చూసే పేరు పెట్టాయి, వేర్వేరు వైద్యాలు ఇనుము దగ్గరికే చేరాయి. ఇది గమనింపదగిన విషయం.

అంకెలలో పాండువు

ఇదంతా పాత పుస్తకాల ముచ్చట అని తీసిపారేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం. ఆరు నెలల నుండి అయిదేళ్ళలోపు పిల్లలలో మన రాష్ట్రంలో 63.2 శాతం. దేశం మొత్తం మీద అదే వయస్సు పురుషులలో ఇది 25 శాతమే. ఒకే ఇంటిలో ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నవారి మధ్య ఇంత తేడా ఎందుకు? నెలనెలా పోయే రక్తం, కాన్పులు, పాలివ్వడం కొంత కారణం. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే ఆచారం మరికొంత కారణం. ఆ రెండవ దానికి ఏ లేహ్యమూ మందు కాదు.

కాబట్టి ఇంటిలో ఏమి చేయాలి? తోటకూర, మునగాకు, ఉలవలు, సజ్జలు, నువ్వులు, బెల్లం మన ప్రాంతపు ఆహారాలే. వాటికి తోడుగా ఉసిరికాయ, నిమ్మరసం ఉంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ త్రాగే అలవాటు దానిని అడ్డుకుంటుంది గనుక కనీసం గంట ఎడం ఉండాలి. కూరలను ఇనుప మూకుడులో వండడం మంచి పద్ధతి. మాంసాహారం తినే ఇళ్ళలో కాలేయం, మాంసం, చేపలలోని ఇనుము మరింత సులభంగా ఒంటబడుతుంది. పిల్లలకు వైద్యసిబ్బంది సలహాపై నులిపురుగుల మందు వేయించాలి.

అయితే ఒక హెచ్చరిక. ఆహారం పాండువును రానీయకుండా కాపాడగలదు. బాగా ముదిరినదానిని ఆహారం ఒక్కటే తీర్చలేదు. మండూరం, లోహభస్మం వంటివి శాస్త్రోక్తంగా శుద్ధి చేసి, రోగి బలాన్ని బట్టి వైద్యుడు ఇవ్వవలసినవి. బజారులో కొని సొంతంగా వాడదగినవి కావు. పైగా పాలిపోయిన ప్రతివారికీ ఇనుమే లోపమని అనుకోరాదు. మొలల నుండి పోయే రక్తం, అధిక ఋతుస్రావం, బి12 లోపం, మూత్రపిండాల వ్యాధి, పుట్టుకతో వచ్చే తలసీమియా కూడా పాండువు వలెనే కనిపిస్తాయి. అందుకే రక్తపరీక్ష తప్పనిసరి. హిమోగ్లోబిన్ సాధారణ స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాముల కంటె తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. గర్భిణులకు, బాలింతలకు చెరి 180 రోజుల చొప్పున ఇచ్చే ఎర్రని ఇనుము మాత్రలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఉచితంగా లభిస్తాయి. వాటిని పిల్లలకు అందనిచోట ఉంచాలి. ఎక్కువ సంఖ్యలో మ్రింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.

మా మేనకోడలికి కూడా ఆ మాత్రలు ఇచ్చారు. మలం నల్లగా వస్తున్నదని భయపడి పదవ రోజున మానేసింది. అది సహజమేననీ, భయపడవలసినది కాదనీ చెప్పినవారు లేరు. మరునాడు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములున్నది. ఆదివారం పసరు ప్రయాణం ఆగిపోయింది. డాక్టరు సలహాతో చికిత్స మొదలైంది. వాళ్ళ అత్తగారే రోజూ గుర్తుపెట్టుకొని భోజనమైన కొంతసేపటికి మాత్ర చేతిలో పెట్టేది. కోడలిని తనతో పాటు కూర్చోబెట్టుకొని తినడం కూడా అప్పుడే అలవాటు చేసుకొన్నది. నాలుగు నెలల తరువాత చూస్తే పిల్ల చంకలో బిడ్డతో గబగబా మెట్లెక్కింది. బలపాల మీద కోరిక దానంతట అదే పోయిందట.

ఈసారి నేను "తెల్లబడ్డావు" అనలేదు. "ఏదమ్మా, కన్ను చూపించు" అన్నాను. రెప్పలోపల లేత ఎరుపు తిరిగి వచ్చింది.

పాఠకులకు నా మనవి ఇది. మీ ఇంటి ఆడపిల్ల తెల్లబడిందని ఎవరైనా మెచ్చుకొంటే సంతోషించే ముందు ఒక్కసారి ఆమె కనురెప్పను చూడండి. మెట్లెక్కితే ఆయాసమా, తల తిరుగుతున్నదా, మట్టి తినాలనిపిస్తున్నదా అని కోపం లేకుండా అడగండి. తెలుపుకు మన భాషలో పదమూడు పేర్లున్నా ఫరవాలేదు. పాండువు అన్న మాటను మాత్రం ఆ తెలుపుల గుంపులో పడి కలిసిపోనీయకండి.